ఒక్క పూటలో పొడిచిన పచ్చబొట్లు

మా చిన్నవ్వ చేతుల మీది పచ్చబొట్లన్నీ ఒకే వయసువి. ఈ సంగతి కనిపెట్టడానికి నాకు పదహారేళ్ళు పట్టింది. పలకల మీద పిల్లలు రాసిన ప్రతి వంకర గీతకూ తప్పు పట్టగలిగిన పంతులమ్మను నేను. అయినా మూడు పూటలా నాకు అన్నం పెట్టిన ఆ చేతుల్ని ఏనాడూ సరిగా చూడలేదు.

నిర్మల్ కొండల కింద ఉన్న మా పల్లెల్లో ఆడపిల్లకు పచ్చబొట్లు ఒకేసారి పొడిపించరు. ఐదారేళ్ళప్పుడు గడ్డం మీద ఒక చుక్క, నుదుట ఒక చుక్క. పెద్దమనిషి అయ్యాక ముంజేతి మీద తులసికోట. పెండ్లి కుదిరితే రెండో చేతి మీద తేలో నెమలో. ఒకటి మాని, దాని నొప్పి మరిచిపోయిన తర్వాతే ఇంకొకటి. అందుకే ముసలివాళ్ళ చేతుల మీద పాతవి పాచిరంగుకు తిరిగి అంచులు చెదిరిపోతే, తర్వాతివి నల్లగా కనిపిస్తుంటాయి. పచ్చబొట్టు లేని చేతి నీళ్ళు అత్తగారింట ముట్టరని మా బాపమ్మ, అంటే మా నాన్న తల్లి, అస్తమానం బెదిరించేది. "సచ్చినంక సొమ్ములన్నీ ఒలుసుకుంటరు బిడ్డా. పచ్చబొట్టు ఎవ్వడు ఒలుస్తడు? ఎంట వచ్చేది గదొక్కటే" అనేది.

నలభై ఎనిమిదిలో నాకు ఆరేళ్ళు. రజాకార్ల భయానికి బాపు మా అవ్వను, అంటే అమ్మను, నన్నూ పెన్‌గంగ దాటించి చుట్టాలింట వదిలాడు. ఆ భయం ఉత్తది కాదు. పక్క ఊళ్ళో ఇండ్లు కాలిన పొగ మా వాకిట్లోకి వచ్చింది. మా మేనమామ వీపు మీది కొరడా వాతలు నేను నా చేత్తో తడిమి చూశాను. ఆ కష్టం గురించి మా ఇంట్లో ఏనాడూ దాపరికం లేదు. ప్రతి పండక్కి, వచ్చిన ప్రతి చుట్టం ముందర చెప్పుకున్నాం, చెప్పుకుని ఏడ్చాం. మేము చెప్పుకోనిది దాని తర్వాత జరిగింది.

సైన్యం వచ్చి, నిజాం రాజ్యం పోయి, జొన్నలు ఇంకా కంకి మీద ఉండగానే మేము ఊరికి తిరిగొచ్చాం. వచ్చేసరికి వెనక అర్రలో ఒక కొత్త మనిషి ఉంది. పద్దెనిమిదేళ్ళుంటాయేమో. రెండు చేతులూ మోచేతుల దాకా వాచిపోయి, పసుపూ ఆముదమూ పూసి ఉన్నాయి. బాపమ్మ పుట్టింటి దూరపు చుట్టమని, గత్తర, అదే కలరా, వచ్చి వాళ్ళ ఇంటిల్లిపాదీ పోయారని చెప్పారు. చేతులకేమైందని అడిగితే తేలు కుట్టిందన్నారు.

"రెండు చేతులకా?" అన్నాను.

"రెండు తేళ్ళు" అన్నాడు బాపు.

నేను పకపకా నవ్వానట. మా బాపు నవ్వలేదని మాత్రం నాకు గుర్తుంది.

ఆమెను చిన్నమ్మ వరసలో చిన్నవ్వ అని పిలవమన్నారు, పిలిచాను. నాకు తల దువ్వింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది, నా చదువు మాన్పిస్తామని బాపమ్మ అంటే మూడు రోజులు అన్నం మానేసి నన్ను బడికి పంపేలా చేసింది. మాటలు చాలా తక్కువ. పెండ్లి ఊసు ఎవరైనా ఎత్తితే, "గా పిల్లకు మూర్ఛ బీమారి ఉన్నది" అని బాపమ్మ వాళ్ళ నోరు మూయించేది. చిన్నవ్వకు మూర్ఛ రావడం నేను ఏనాడూ చూడలేదు. పెద్దవాళ్ళ ముందు వస్తుందేమో, పిల్లల ముందు రాదేమో అనుకున్నాను. నా తెలివి అలాంటిది.

ఒక్క గుణం మాత్రం ఊరంతా చెప్పుకునేది. చిన్నవ్వ నొప్పికి అరవదు. కాలికి ముల్లు దిగినా, పొయ్యి మీది గంజి చేతి మీద ఒలికినా, కొంగు నోట్లో కుక్కుకుని కళ్ళు మూసుకునేదే తప్ప ఒక్క కేక లేదు. నేనైతే చీమ కుట్టినా ఊరు లేపేదాన్ని. "గామెను చూసి నేర్సుకో, భూదేవంత ఓర్పు" అని అవ్వ నన్ను తిట్టేది.

అరవై మూడులో నాకు చొప్పదండి వైపు బడిలో ఉద్యోగమైంది. సంబంధం కూడా ఒకటి కుదిరింది. మరుసటి ఎండాకాలం సెలవులకు ఇంటికి వస్తే, అన్నేళ్ళూ బడి వంకతో తప్పించుకొచ్చిన నా ఉత్త చేతులు చూసి బాపమ్మ నెత్తి కొట్టుకుని, పచ్చబొట్లు పొడిచే ఆమెకు కబురు పెట్టింది. చదువుకున్నదాన్ని, నాకెందుకు ఈ సూదిపోట్లని నేను రచ్చ రచ్చ చేశాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం మా బాపమ్మ. ఆమె మనుమరాలినే నేను. ఇద్దరం అరుచుకుంటుండగానే పచ్చబొట్లామె గంప దించి అరుగు మీద కూర్చుంది. ముసలిది, ఒక కంట్లో పువ్వు వేసింది. నన్ను మచ్చిక చేయడానికి, నీళ్ళు తెచ్చిచ్చిన చిన్నవ్వ చేయి టక్కున పట్టుకుని నా ముందు పెట్టింది.

"జర సూడు బిడ్డా, నేను పొడిసిన చెయ్యే గిది. తేలు ఎంత సక్కగ వచ్చిందో. నా జన్మల ఒక్క పూటల ఇంత పొడిసింది గీ చేతుల మీదనే."

"నోర్ముయ్యవే" అంది బాపమ్మ.

చిన్నవ్వ చేయి వెనక్కి తీసుకుని లోపలికి పోయింది. నేను మొదటిసారి ఆ చేతుల్ని చూశాను. తులసికోట, తేలు, నెమలి, మణికట్టు చుట్టూ చుక్కలు, అన్నీ ఒకే రంగు, ఒకే తీరుగా చెదిరిన అంచులు. ఒక్క పూటలో ఎవరైనా ఇన్ని ఎందుకు పొడిపించుకుంటారు?

బాపమ్మ చేటలో జొన్నలు తేవడానికి లేచిన సందులో ముసలామె గొంతు తగ్గించి చెప్పింది. "సైన్యం వచ్చిన గా నెలల నా సూదులు మొద్దువడ్డయి బిడ్డా. తురకల ఆడోళ్ళ చేతులే అన్నీ. కొందర్ని కాపాడుతందుకు పొడిపిచ్చిన్రు, కొందర్ని కట్టేసి పొడిపిచ్చిన్రు. నేను పొడుసుడే. సూదికేం ఎరుక?"

నేను అరుగు మీంచి లేచిపోయాను. ఆ రోజు నాకు పచ్చబొట్టు పొడవలేదు, తర్వాత కూడా ఎవరూ పొడవలేదు.

సాయంత్రం బాపమ్మను పశువుల కొట్టంలోకి లాక్కుపోయి అడిగాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని కాసేపు నసిగింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. సిగ్గుపడుతూ చెబుతుందనుకున్నాను. గొప్పగా చెప్పింది.

"గాజులాయన బిడ్డ గామె. ఆయన నెలకోపాలి గాజుల మలారం భుజానేసుకొని ఆరు కోసుల దూరంకెంచి వస్తుండె. నువ్వు పుట్టినప్పుడు నల్లగాజులు ఏసింది ఆయనే. ఆయన ఏస్తే గాజు చిట్లకపోతుండె. 'జర చెయ్యి ఢీలా ఇడువు బిడ్డా' అనేటోడు, అంతే, ఎక్కిపోయేది. సైన్యం వచ్చిన వారానికి మనోళ్ళే ఆ ఊరి మీద పడ్డరు. రజాకార్లు ఎప్పుడో పారిపోయిన్రు. దొరికినోళ్ళు ఎవలు? గాజులాయన అసొంటోళ్ళు. ఆయన్ని వాగుకాడ నరికిన్రు. ఆడోళ్ళు పోయి బాయిల దునికిన్రు. ఎంతమంది దునికిన్రో, నీళ్ళు పైకొచ్చినయట."

నీళ్ళు పైకొచ్చాయన్న మాట బాపమ్మ చాలా మామూలుగా అంది.

"గీ పిల్ల జొన్నచేన్ల పొంటి నడుసుకుంట మన ఇల్లు ఎతుక్కుంట వచ్చింది. గా ఇంటి పెద్దామె చెయ్యి మెత్తటిది, మనసు గూడ మెత్తటిదే అని వాళ్ళ నాయిన చెప్పిండట. రెండొద్దులు వడ్ల గుమ్మిల దాసిన. మూడోనాడు కబురొచ్చింది, ఊరూరు తిరిగి ఆడోళ్ళ చేతులు సూస్తున్నరని. పచ్చబొట్టు లేని చెయ్యి దొరికిందంటే తురకలామె అన్నట్టు. పొద్దుగాల్నే మొదలువెట్టి, పొద్దు నెత్తిమీదికి వచ్చేసరికి రెండు చేతులు, గడ్డం, నొసలు అన్నీ పొడిపిచ్చిన. అరిస్తే బయటికి ఇనవడతదని నోట్లె గుడ్డ కుక్కిన. మీ బాపు కాళ్ళు పట్టిండు."

"తర్వాత?"

"వచ్చిన్రు. మమ్మల్ని వాకిట్ల వరుసగ నిలవెట్టిన్రు. ఒక్కొక్క చెయ్యి తిప్పి తిప్పి సూసిన్రు. నా చెయ్యి గూడ. ఇదేంది వాసి ఉన్నదన్నరు. పెండ్లి కుదిరింది, మొన్ననే పొడిపిచ్చినమన్న. పోయిన్రు."

"ఎవరు వాళ్ళు?"

"ఎవలైతేంది. పోయిన దసరకు అందుట్ల ఒకడు మనింట్ల బువ్వ తిన్నడు. నువ్వే వడ్డిచ్చినవు."

ఆ దసరాకు మా ఇంట్లో తిన్న మగవాళ్ళను ఒక్కొక్కరినీ గుర్తు చేసుకున్నాను. అందరూ మంచివాళ్ళే. ఒకాయన నా ఉద్యోగం సంగతి విని సంబరపడి నాకు పెన్ను ఇచ్చాడు. ఆ పెన్ను అప్పటికి నా సంచిలోనే ఉంది. మర్నాడు దాన్ని పెంటకుప్పలో పారేశాను. ఇచ్చినవాడు వాడే అవునో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

అప్పుడు బాపమ్మను ఒక మాట అడిగాను. "పొడిపించే ముందర ఆమెను ఒక్క మాట అడిగినవా?"

"ఇల్లు కాలుతుంటే లోపలున్నోళ్ళను ఇష్టమా అని అడుగుతరా? పానం కాపాడిన."

"ఆ ఇల్లు ఆరిపోయి పదహారేండ్లయింది గద. తర్వాతనన్న అడిగినవా? నీకు ఎవలున్నరు, యాడికి పోతవు అని? మూర్ఛ బీమారి అని చెప్తమని?"

బాపమ్మ చీపురు తీసుకుంది. ఊడ్చిన కొట్టాన్నే మళ్ళీ ఊడ్చింది.

నేను గెలిచాననుకున్నాను. ఆ రాత్రి చిన్నవ్వ నాకు అన్నం వడ్డిస్తుంటే వేడి గిన్నె ఆమె వేళ్ళకు తాకింది. ఎప్పటిలాగే కొంగు నోట్లో పెట్టుకుంది. అప్పుడు అర్థమైంది. అది ఓర్పు కాదు. నొప్పి పుట్టినప్పుడు నోట్లోంచి ఏ మాట వస్తుందో అన్న భయం. నా బాల్యమంతా నన్ను తిట్టడానికి పనికొచ్చిన ఆ ఓర్పు, బాపమ్మ నోట్లో కుక్కిన గుడ్డే. ఆమె దాన్ని పదహారేళ్ళుగా తీయలేదు.

ఆమెతో మాట్లాడాలి. కానీ ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. దానికి బదులు ఒక ఘనకార్యం తలపెట్టాను. బాపమ్మను గుచ్చి గుచ్చి అడిగితే, గాజులాయనకు ఒక కొడుకు ఉన్నాడని, గొడవలప్పుడు సరుకు కోసం కరీంనగరం పోయి ఉండటంతో బతికిపోయి అక్కడే ఉండిపోయాడని చెప్పింది. ఇంక నన్ను ఆపేదెవరు? పెండ్లయింది, కాపురం కరీంనగరం దగ్గరే. ఆదివారమొస్తే గాజుల దుకాణాల చుట్టూ తిరిగాను. మా ఆయన నా గాజుల పిచ్చి చూసి బెంబేలెత్తిపోయాడు. రెండేళ్ళకు ఒక దుకాణం ముసలమ్మ, "నిర్మల్ దిక్కు మనిషా? గా మూల దుకాణంల ఉంటడు" అని చూపించింది.

నలభై దాటిన మనిషి, గడ్డం సగం నెరిసింది. ఊరి పేరు చెప్పగానే చేతిలోని గాజుల పేర్పు కింద పెట్టేశాడు. చెల్లెలి సంగతి అడిగాను.

"మా అమ్మ, మా చెల్లె చెయ్యి చెయ్యి పట్టుకొని బాయిల దునికిన్రట. సూసినోళ్ళు చెప్పిన్రు. ఏటేటా ఇద్దరి పేరు మీద ఫాతిహా సదివిపిస్త" అన్నాడు.

"మీ చెల్లె బతికున్నది మామా" అన్నాను. చిన్నవ్వకు అన్న అయితే నాకు మామే కదా.

ఆయన దుకాణం మెట్టు దిగి నా దగ్గరికి వచ్చాడు. "ఎట్లున్నది?" అన్నాడు. "బాగున్నది" అన్నాను. చేతుల సంగతి చెప్పలేదు. ఆయన సంబరం చూసి నోరు రాలేదు. చెల్లెలికి ముందుగా చెప్పకుండా, గాజులమ్మేవాడిలాగా వెళ్దామని ఉపాయం చెప్పింది కూడా నేనే. ఆమె ముఖం ఎలా వెలుగుతుందో చూడాలన్న ఆశ నాది. ఆయన అటక మీంచి తండ్రి నాటి మలారం తాడు వెతికి తీశాడు. రెండు బస్సులు మారి, గోదావరి దాటి, ఊరు చేరేదాకా ఆయన ఆ తాడును ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాడు.

మధ్యాహ్నం వేళ. బాపమ్మ మంచం మీద కునుకుతోంది. "చిన్నవ్వా, గాజులాయన వచ్చిండు" అని కేకేశాను. ఆమె వచ్చి అరుగు మీద కూర్చుంది. మా ఇంటికి గాజులామె వస్తుండేది. మగమనిషి గాజులతో రావడం ఎన్నేళ్ళకో. కళ్ళెత్తకుండా, తల మీంచి కొంగు లాగి ముఖమూ ముంజేయీ కప్పుకునే చేయి చాపింది. ఆయన ఆ చేతిని పట్టుకున్నాడు. "జర చెయ్యి ఢీలా ఇడువమ్మా" అన్నాడు.

చిన్నవ్వ ఉలిక్కిపడింది. మొదటి గాజు ఎక్కింది. రెండోది ఆయన తొందరకు చిట్లి, ముక్క ఆమె మణికట్టులో దిగింది.

"అమ్మీ!" అని అరిచింది చిన్నవ్వ.

పద్దెనిమిదేళ్ళలో ఆమె నొప్పికి అరవడం అదే మొదలు. ఆయన ముఖం ఒక్క క్షణం నేను ఆశపడినట్టే వెలిగింది. రక్తం తుడవబోయి కొంగు పక్కకు తీశాడు. తులసికోట, తేలు, నెమలి, మణికట్టు చుట్టూ చుక్కలు కనిపించాయి. రెండో చేయి చూశాడు. తలెత్తి ఆమె గడ్డం, నొసలు చూశాడు. గాజులవాడి కొడుకు ఆయన. చిన్నప్పటి నుంచీ వేల ఆడవాళ్ళ చేతులు చూసినవాడు. నాకు పదహారేళ్ళు పట్టిన సంగతి ఆయనకు ఒక్క చూపులో తెలిసిపోయింది.

ఏదో ఒకటి అంటాడని ఎదురుచూశాను. ఆయన తల దించుకుని గాజులు వేయడం మొదలుపెట్టాడు. ఒక్కో చేతికి ఆరు. ఇంకొక్కటి కూడా చిట్లలేదు. ఇద్దరిలో ఎవరూ ఏడవలేదు, ఏడ్చింది నేను. అన్నీ వేశాక మలారం భుజానికెత్తుకుని, కొన్నవాళ్ళందరికీ చెప్పే మాటే చెప్పాడు. "పైలంగ సూసుకో అమ్మా, చిట్లకుండ."

"మంచిదయ్యా" అంది చిన్నవ్వ.

నేను రోడ్డు దాకా ఆయన వెంట పరిగెత్తాను. "మామా, గట్లెందుకు పోతున్నవు? నీ చెల్లెనే గద!" అని చేయి పట్టుకుని గుంజాను.

"మా చెల్లె బాయిలనే ఉన్నది బిడ్డా. నా పిల్లలకు చెప్పి పెంచిన, మీ మేనత్త సచ్చేదాక వాళ్ళ అమ్మ చెయ్యి ఇడువలే అని. ఇప్పుడేం జెప్పాలె?" అన్నాడు. కోపంగా అనలేదు, నిజంగానే నన్ను అడిగాడు. బస్సు వచ్చింది, ఎక్కాడు.

ఆ మనిషి మీద నాకు ఒళ్ళు మండిపోయింది. రాయి గుండె అని తిట్టుకుంటూ ఇంటికి వచ్చాను. చిన్నవ్వ పొయ్యి ముందర కూర్చుని పుల్లలు ఎగదోస్తోంది. కొత్త గాజులు గలగలమంటున్నాయి. నేను నోరు తెరిచేలోపలే ఆమె మాట్లాడింది. నాతో అంత పొడుగు మాట ఆమె అంతకు ముందెన్నడూ మాట్లాడలేదు.

"మా అన్న బతికున్నడని నాకు ఎప్పుడో ఎరుకే బిడ్డా. గాజులామె ఎనిమిదేండ్ల కిందనే మాటల్ల అన్నీ చెప్పింది. నేనే పోలే. అమ్మీ నా చెయ్యి పట్టుకున్న మాట నిజమే. బాయి గడ్డ దాక గుంజుకపోయింది. నేను ఇడిపిచ్చుకొని ఉరికిన. ఎనుకకు మర్రి సూడలే. గా ముచ్చట ఎవ్వలకు తెల్వదు. మా అన్న నన్ను అమ్మీ పక్కన పెట్టి ఇజ్జత్‌గ సూసుకుంటున్నడు, ఏటేటా నా పేరు మీద సదివిపిస్తున్నడు. ఆడ నేను మంచిగున్న. ఇయ్యాల నన్ను ఆడికెంచి గూడ ఎళ్ళగొట్టినవు."

పొయ్యిలోంచి కళ్ళు తీసి నా వైపు చూసింది.

"తోలుకొచ్చే ముందర నన్ను ఒక్క మాట అడిగినవా బిడ్డా?"

రెండేళ్ళ కింద పశువుల కొట్టంలో నేను బాపమ్మను అడిగిన మాటే అది. ప్రాణం కాపాడానని చెప్పుకోవడానికి బాపమ్మకైనా ఒక జవాబు ఉండింది. నేను చిన్నవ్వ ముఖం వెలగడం చూడాలనుకున్నాను, అంతే.